అయిదో షేర్ ఎవరికి?

త్యాగరాజు పుట్టింది 1767లో. మాహ్ లఖా బాయి పుట్టింది ఆ మరుసటి ఏడాది, 1768లో. ఆయన కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉంఛవృత్తితో కుటుంబాన్ని పోషించుకుంటూ, తంజావూరు కొలువు పిలిచినా పోకుండా, రాముడి కోసమే పాడాడు. ఆమె మూసీ ఒడ్డున హైదరాబాదులో, నిజాం అలీ ఖాన్ కొలువులోనూ ఉమ్రావుల దేవిడీలలోనూ, డబ్బు తీసుకుని పాడింది, ఆడింది, జాగీర్లు సంపాదించింది. ఒకే కాలంలో బతికిన ఈ ఇద్దరిలో భక్తులెవరని అడిగితే తెలుగువాడు తడుముకోడు. మొదటిపేరు చెప్పేసి, రెండోదాన్ని చరిత్ర పుస్తకానికో, ఇంకాస్త చులకనగా అయితే సినిమా కథకో వదిలేస్తాడు. ఆ తీర్పు వెనక ఒక నమ్మకం ఉంది: కూలికి పాడిన పాట ప్రార్థన కాదు. కళ మీద ఎంత గౌరవం ఉన్నవాళ్ళూ ఈ నమ్మకాన్ని పెద్దగా పరీక్షించి చూసినట్టు కనబడదు. పాతబస్తీ గాయని జీవితాన్ని దగ్గరగా చూస్తే అది నిలవదని నా వాదన.

ముందు ఆమె సంగతి. తల్లి రాజ్‌కున్వర్ కూడా పాట, నాట్యం వృత్తిగా ఉన్న మనిషే. ఆమె గర్భవతిగా మౌలాలి గుట్ట దర్శనానికి వెళ్ళినప్పుడు గర్భస్రావం అయ్యే స్థితి వచ్చిందనీ, ఆస్థాన చిత్రకారుడూ చరిత్రకారుడూ అయిన తజల్లీ అలీ షా గుట్ట మీది దర్గా నుంచి మొక్కుదారాలు తెచ్చి ఇచ్చాడనీ, బిడ్డ నిలిచిందనీ కథ. ఆ బిడ్డే చందా. అక్క మెహతాబ్ దివాన్ రుక్నుద్దౌలా ఇంటి మనిషి కావడంతో చందా పెద్ద ఇళ్ళ వాతావరణంలో పెరిగింది. ఖుషాల్ ఖాన్ దగ్గర సంగీతం నేర్చుకుంది. గుర్రపుస్వారీ, విలువిద్య నేర్చింది. నిజాం దండయాత్రలకు వెళితే వెంట వెళ్ళింది. కొలువులో ఉమ్రావుల సరసన స్థానం, మాహ్ లఖా అన్న బిరుదు, ఊళ్ళ మీద ఆదాయం వచ్చాయి. ఇవాళ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్న అడిక్‌మెట్ నేలలో కొంత భాగం ఒకప్పుడు ఆమె జాగీరే. ఇంట్లో ఆడపిల్లలకు సంగీతం, నాట్యం నేర్పించింది, గ్రంథాలయం పెట్టుకుంది, గులాం హుసేన్ ఖాన్ జౌహర్ చేత మాహ్‌నామా అనే చరిత్ర రాయించింది. 1824లో కన్నుమూసేనాటికి హైదరాబాదులోని సంపన్నుల్లో ఆమె ఒకరు. వృత్తిలో ఇంతకన్నా పైకెక్కిన గాయని ఆనాటి దక్కనులో ఇంకెవరూ నాకు తోచడం లేదు. ఆ మెట్లన్నీ పాటను అమ్మే ఎక్కింది. అందులో దాచవలసిందేమీ లేదు, ఆమె దాచలేదు కూడా.

ఇప్పుడు ఆమె దివాన్, అంటే గజళ్ళ సంపుటి, చూడాలి. ఉర్దూలో దివాన్ కూర్చిన తొలి మహిళ ఆమేనని చాలాకాలం అనుకున్నారు. అదే దక్కనుకు చెందిన లుత్ఫున్నిసా ఇంతియాజ్ దివాన్ అంతకు కాస్త ముందుదని తర్వాత తేలింది. ఎవరు ముందన్న పోటీ మనకిక్కడ పనికిరాదు గానీ, దివాన్ కట్టడం మాత్రం పనికివస్తుంది. అందులో 125 గజళ్ళు, గజల్‌కి అయిదేసి షేర్లు (రెండు పాదాల పద్యాలు). అయిదు అయిదులు ఇరవై అయిదు, ఇరవై అయిదు అయిదులు నూట ఇరవై అయిదు. షియాలకు అయిదు అంటే ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్. పాతబస్తీలో మొహర్రంలో ఆలావాల్లో నిలిపే ఆలంల (ధ్వజాల) మీద చెయ్యి గుర్తు చూసినవాళ్ళకు ఈ లెక్క విప్పి చెప్పనక్కర్లేదు. ఈ దివాన్ మీద, ఆమె జీవితం మీద పుస్తకం రాసిన స్కాట్ కూగల్ ఇది కాకతాళీయం కాదంటాడు. ఆ మాట ఒప్పుకోవడానికి ఆధారం గజళ్ళలోనే ఉంది. మొదటి నాలుగు షేర్లలో ప్రియుడు, మధువు, తోట, ఎడబాటు, అలక, అంటే గజల్ సరుకంతా ఉంటుంది. అయిదో షేర్‌లో చందా తన పేరు చెప్పుకుని, దాదాపు ప్రతిసారీ, మౌలా అలీ వైపు తిరుగుతుంది. అడిగేది ఆయన్నే అడుగుతుంది.

పాడే చోటును కళ్ళ ముందు పెట్టుకుంటేనే ఈ మలుపు బరువు తెలుస్తుంది. దీపాల వెలుగులో నిజాం కొలువు పెద్దల్లో ఒకడు, మీర్ ఆలమో రాజా చందూలాలో, కూర్చుని ఉంటాడు. నాలుగు షేర్లు వినేంతసేపూ ఆ ప్రియుడు తనేనని ప్రతి శ్రోతా అనుకోవచ్చు. ఆ భ్రమ కల్పించడమే తవాయిఫ్ (కొలువులో ఆడిపాడే స్త్రీ) వృత్తి, అందుకే జీతం. అయిదో షేర్ ఆ భ్రమను తీసేస్తుంది. డబ్బిచ్చినవాడు ఎదురుగా ఉండగానే, ఇవ్వగలవాడు ఇంకొకడని పాడేవాళ్ళే చెబుతున్నారు. విన్నవాడు వాహ్వా అనక తప్పదు, ఎందుకంటే వచ్చింది అలీ పేరు. ఒక గజల్‌లో అయిదింట నాలుగు పాళ్ళు అమ్మి ఒక పాలు అట్టేపెట్టుకోవడం, దాన్ని చాటుగా కాక కొన్నవాడి ముందే అట్టేపెట్టుకోవడం ఆమె పద్ధతి. ప్రార్థన అన్నమాటకు నేను ఇక్కడ ఇచ్చుకునే అర్థం ఇదే. పాడేవాళ్ళ మనసులో ఏముందో తూచడం మనవల్ల కాదు. వాళ్ళు యజమానికి ఇవ్వకుండా దేన్ని ఆపుకున్నారో మాత్రం చూడగలం. జీతం పుచ్చుకున్నారా లేదా అన్న ప్రశ్న కన్నా ఇది ఉపయోగపడే కొలత, ఎందుకంటే దీనికి సాక్ష్యం దొరుకుతుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. గజల్ చివర కవి పేరు పెట్టే మక్తా ఆనవాయితీ. అలీ స్తుతి ఆ ఊళ్ళో నష్టం తెచ్చేదేమీ కాదు, లాభం తెచ్చేదే. నిజాములు సున్నీలైనా అలీ పేరిట వెలసిన మౌలాలి గుట్టను ఆదరించారు. రజబ్ నెలలో కొలువు కొలువంతా కోట దాటి గుట్ట దగ్గర డేరాలు వేసేది. మీర్ ఆలం స్వయంగా షియా. కాబట్టి అయిదో షేర్ కూడా యజమానిని మెప్పించే మరో ఉపాయం కావచ్చు. పైగా ఆ దివాన్ ఏమైందో చూడండి. 1799 అక్టోబరులో, ఆట నడుస్తుండగానే ఆమె తన దివాన్ ప్రతిని కుంఫిణీ అధికారి కెప్టెన్ మాల్కమ్ చేతికి ఇచ్చింది. శ్రీరంగపట్నం పడి అప్పటికి అయిదు నెలలు. హైదరాబాదు రాజకీయమంతా కుంఫిణీ చుట్టూ తిరుగుతోంది. ఆ ప్రతి లండన్ చేరి, నేటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అలీకి విన్నపాలున్న పుస్తకాన్నే ఆమె ఆంగ్లేయ అధికారికి కానుకగా ఇచ్చినప్పుడు, ఏది అమ్మింది, ఏది ఆపుకుంది అని నన్ను ఎవరైనా నిలదీస్తే అది న్యాయమైన ప్రశ్నే.

మొదటి సగానికి జవాబు సులువు. ఆనవాయితీ అయినంత మాత్రాన మొక్కు అబద్ధం కాదు. అలా అయితే సంకల్పం చెప్పి చేసే ఏ పూజా, నిర్ణీతమైన మాటలతో చేసే ఏ నమాజూ నిజం కాకుండా పోతాయి. పైగా పేరు పెట్టుకోవడం ఆనవాయితీ గానీ, నూరుకు పైగా గజళ్ళలో దాదాపు ప్రతిసారీ ఒకే గడప తొక్కడం ఆనవాయితీ కాదు. అది కావాలని పెట్టుకున్న నియమం. మాల్కమ్ సంగతి కొంచెం కష్టం. పుస్తకం ఆయన చేతికి వెళ్ళింది నిజమే. విన్నపం మాత్రం చేతులు మారదు, దాని మీద ఇంకొకరి పేరు ఉంది. అయినా ఈ జవాబు ఒక్కటే ఉంటే నాకే తృప్తి ఉండేది కాదు. పద్యం బయట ఇంకో సాక్ష్యం ఉంది. 1792లో, ఆ దివాన్ బయటికి రాకముందే, ఆమె మౌలాలి గుట్ట దిగువన తల్లికి సమాధి కట్టించింది. చుట్టూ తోట, బావి, మసీదు, బాటసారులకు బస. మూడు దశాబ్దాల తర్వాత ఆమెనూ అక్కడే ఖననం చేశారు. గుట్ట దగ్గర కట్టడాలు నిలపడం ఆనాటి ఉమ్రావులకు హోదా చాటుకునే మార్గమన్నది నిజమే. కానీ హోదా చాటుకోదలచిన మనిషి తల్లి వృత్తిని జనం మరిచిపోయేలా చూసుకుంటుంది. ఈమె ఆడిపాడి బతికిన తల్లిని తెచ్చి, ఊరంతా మొక్కుకు వచ్చే దారిలో, పేరుతో సహా పడుకోబెట్టింది. తన చోటూ అదేనని నిర్ణయించుకుంది. 2010 తర్వాత అమెరికా ప్రభుత్వ సహాయంతో ఆ ఆవరణను బాగుచేయించారు. అంతకుముందు అది చెత్తకుప్పలా పడి ఉందంటే, మన తీర్పు రాతి మీద కూడా ఎంత పనిచేసిందో తెలుస్తుంది.

ఇస్లామీయ ధర్మశాస్త్రం వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకా తిన్ననిది. హనఫీ న్యాయగ్రంథం హిదాయాలో పాటకూ, ఏడ్పుపాటకూ కూలి మాట్లాడుకోవడం చెల్లదని ఉంది. సమా అనే సంగీత గోష్ఠిని వదులుకోని చిష్తీ సూఫీలు కూడా షరతులు పెట్టారు. పాడేది వయసొచ్చిన మగవాడై ఉండాలనీ, పాట అసభ్యం కాకూడదనీ, వినేవాడు దైవస్మరణలో ఉండాలనీ, వాద్యాలు ఉండకూడదనీ నిజాముద్దీన్ ఔలియా చెప్పినట్టు ఆయన శిష్యులు రాసిపెట్టారు. ఆ లెక్కన మాహ్ లఖా బాయి గడప దాటక ముందే ఆగిపోతుంది. నేను ఈ షరతులను కొట్టిపారేయను. పాతబస్తీ మదరసాల్లో ఈనాటికీ వీటిని నిష్ఠగా పాటించే పండితులున్నారు, వాళ్ళ వాదంలో తర్కం ఉంది. అయితే ఆ సంప్రదాయం తన గురించి చెప్పుకున్న కథలే ఇంకో వైపు చూపిస్తాయి. 1235లో ఢిల్లీలో కుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ ఒక షేర్ విని తన్మయుడై, రోజుల తరబడి అదే స్థితిలో ఉండి, ప్రాణం విడిచాడు. అన్నాళ్ళూ గాయకులు ఆ ఒక్క షేర్‌నే తిప్పితిప్పి పాడారు. చిష్తీల చరిత్రలో ఇంతకు మించిన సమా లేదు. ఆ గ్రంథాలు ఆయన స్థితిని వర్ణించాయి గానీ పాడినవాళ్ళ భక్తి ఎంతో కొలవలేదు. వాళ్ళ పని పాట ఆపకపోవడం, ఆపలేదు. అల్ గజాలీ అంతకు ముందే అన్న మాట ఇది: పాట గుండెలో ఉన్నదాన్నే కదుపుతుంది. అంటే లెక్క అడగవలసింది ముందుగా వినేవాణ్ణి. పాడినవాళ్ళ శీలాన్ని పరీక్షించే షరతూ, వాళ్ళను పట్టించుకోని కథా ఒకే సంప్రదాయంలో పక్కపక్కన ఉన్నాయి. షరతు కన్నా కథే ఎక్కువ నిజం చెబుతోందని నాకనిపిస్తుంది.

పాటకత్తె భక్తిని ఒప్పుకోవలసి వచ్చినప్పుడు మతాలన్నీ ఒక దారి వెతుక్కున్నాయి. అది పశ్చాత్తాపం. బస్రా నగరపు రాబియా ఒకప్పుడు పాటకత్తెల వృత్తిలో ఉండి తర్వాత తౌబా చేసిందని కొందరంటారని అత్తార్ రాశాడు. మన వైపు చింతామణి లీలాశుకుణ్ణి కృష్ణుడి వైపు తిప్పింది. దేవదేవి మోజులో పడ్డ విప్రనారాయణుణ్ణి రంగనాథుడే గట్టెక్కించాడు. ఆ విప్రనారాయణ కథను వైజయంతీ విలాసంగా రాసిన సారంగు తమ్మయ్య గోలకొండ కరణం. అంటే హైదరాబాదు నగరం పునాదులు పడుతున్న రోజుల్లోనే, దానికి కూతవేటు దూరంలో, ఈ ప్రశ్న మీద తెలుగు కావ్యం తయారైంది. ఈ కథలన్నిట్లో వేశ్య వృత్తి వదిలేయాలి, లేదా మగవాడి మోక్షానికి మెట్టు కావాలి. మాహ్ లఖా కథలో రెండూ లేవు. ఆమె తౌబా చేసి పాట మానేసిందని చెప్పే ఆధారమేదీ లేదు, ఏ మహాత్ముణ్ణీ దారిలో పెట్టలేదు కూడా. అందుకే ఆమె మనకు ఇబ్బంది. ఈ ఇబ్బంది మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. అమెరికా పల్లెపాటల గాయకుడు హ్యాంక్ విలియమ్స్ తాగుడు పాటలూ పాడాడు, చర్చి పాటలూ రాశాడు. నీతి, వైరాగ్యం చెప్పే రికార్డులను మాత్రం ల్యూక్ ద డ్రిఫ్టర్ అన్న మారుపేరుతో విడుదల చేశారు. బార్లలో పాటల పెట్టెలు నడిపేవాళ్ళు పొరపాటున అవి కొని గిరాకీ చెడగొట్టుకోకూడదని వ్యాపారులు చేసిన ఏర్పాటది. మతం విడదీయమంటుంది, బజారూ విడదీయమంటుంది. చందా ఒకే పేరుతో ఒకే గజల్‌లో రెండూ కలిపింది.

ఇక తెలుగువాడి మనసులో అన్నిటికన్నా లోతుగా ఉన్నది త్యాగరాజు కొలబద్ద. ఆయన నిరాకరణ గొప్పదే, దాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. కానీ అది ఎవరికి అందుబాటులో ఉన్న గొప్పతనం? ఉంఛవృత్తి అంటే ఊరు పెట్టిన బియ్యమే గదా. కీర్తన పాడుతూ వీధిన నడిచిన బ్రాహ్మణ గృహస్థుకు ఊరు గౌరవంతో పెడుతుంది. అదే వీధిలో తవాయిఫ్ కూతురు పాడుతూ నడిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? నిష్కామంగా పాడాలంటే బతుకు తెరువు ఇంకెక్కడో ఉండాలి. అది లేనివాళ్ళను పాటకు డబ్బు తీసుకున్నావా అని అడగడం, నీకు ప్రార్థన చేసే హక్కు లేదని చెప్పడమే. రాజుకు కృతి ఇవ్వనన్న పోతన పేరు మీదే సింగభూపాలుడి భోగకాంతను గూర్చిన భోగినీ దండకం ఉంది. అది ఆయనది కాదని వాదించేవాళ్ళ ఆత్రం చూస్తే, మనకు ఎలాంటి భక్తుడు కావాలో అర్థమవుతుంది. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద మిగిలాయి. ఆ పని ఆయన వారసులు చేయించింది అగ్రహారాల రాబడి ఉన్న రోజుల్లో. నరస్తుతి కూడదన్నవాళ్ళ ఇంట్లోకీ నరుల సొమ్ము వచ్చింది, రాకతప్పదు. అన్నిటికన్నా నన్ను ఆపేది తిరువయ్యారే. త్యాగరాజు సమాధి శిథిలమై ఉంటే స్థలం సంపాదించి, గుడి కట్టించి, 1925లో ప్రతిష్ఠ జరిపించింది బెంగుళూరు నాగరత్నమ్మ, దేవదాసీ కుటుంబంలో పుట్టి కచేరీలు చేసి గడించిన మనిషి. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని 1910లో అచ్చువేయించి తిట్లు తిన్నదీ ఆమే. డబ్బు వద్దన్న గాయకుడికి గుడి లేచింది, డబ్బుకు పాడిన గాయని సొమ్ముతో. ఆడవాళ్ళను అక్కడ పాడనివ్వకపోతే వేరుగా ఆరాధన మొదలుపెట్టి పాడించింది. 1952లో పోయాక ఆమె సమాధి కూడా ఆయనకు ఎదురుగానే కట్టారు. మౌలాలి గుట్ట దిగువన ఉన్న సమాధికీ దీనికీ మధ్య నూటికి పైగా ఏళ్ళున్నాయి, మతం వేరు, భాష వేరు. చేసిన పని మాత్రం ఒకటే.

మరి ఎవరు ఏ పాట పాడినా చివర దేవుడి పేరు తగిలిస్తే సరిపోతుందా అని అడగవచ్చు. సరిపోదు. పెళ్ళి పందిట్లో నోట్లు ఎగురుతుంటే ఆ ఎగిరే దిక్కుకే పాటను తిప్పుకుంటూ పోయే ఖవ్వాలీలు ఉన్నాయి. అక్కడ ఆపుకున్నదేమీ ఉండదు. అయితే శ్రోతను చూసి పాట మార్చుకోవడమే తప్పనుకుంటే మాత్రం పొరబాటు. రెగులా ఖురేషీ నిజాముద్దీన్ దర్గాలో చేసిన పరిశోధనను 1986లో పుస్తకంగా వేసింది. ఖవ్వాల్ కన్ను ఎప్పుడూ వినేవాళ్ళ మీద ఉంటుందనీ, ఎవరు ఏ మాటకు కదిలారో పసిగట్టి ఆ మాటనే తిప్పుతాడనీ అందులో వివరంగా చూపించింది. నజరానా వచ్చేదీ అక్కడే, వజ్ద్ (తన్మయత్వం) వచ్చేదీ అక్కడే. ఆ విద్య హైదరాబాదులో ఇంకా ఉంది. 1857 తర్వాత ఢిల్లీ కొలువు చెదిరిపోతే బహదూర్ షా జఫర్ ఆస్థాన గాయకుడు తాన్‌రస్ ఖాన్ చివరికి నిజాం రాజ్యం చేరాడు. తామా పరంపరకు చెందినవాళ్ళమని చెప్పుకునే వార్సీ కుటుంబంలో అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన మనవలు నజీర్, నసీర్ వార్సీ సోదరులుగా ఇప్పుడు దర్గాల్లోనూ టిక్కెట్టు పెట్టిన వేదికల మీదా పాడుతున్నారు. దర్గాలో పాడింది భక్తి, వేదిక మీద పాడింది వ్యాపారం అని గీత గీయడం వినేవాళ్ళకు సుఖం. పాడేవాళ్ళ గొంతులో ఆ గీత ఉండదు. రెండుచోట్లా ప్రవక్త వాక్కైన ఖౌల్‌తోనే మొదలుపెట్టే అలవాటు ఎవరికి ఉందో, డబ్బున్నవాడు విసుక్కున్నా దాన్ని కుదించకుండా పాడేది ఎవరో చూడాలి. అలా చూస్తే కొందరు నిలుస్తారు, కొందరు నిలవరు.

ఇంతకీ సొమ్ము శుద్ధి గురించి ఇంత పట్టుదలగా అడిగేవాళ్ళు దాన్ని ఒకవైపే ఎందుకు అడుగుతారో నాకు అర్థం కాదు. మాహ్ లఖా బాయి గజళ్ళకు నజరానా ఇచ్చినవాళ్ళలో మీర్ ఆలం టిప్పు మీద నిజాం సేనను నడిపినవాడు. శ్రీరంగపట్నం దోపిడీలో వచ్చిన వాటాతోనే పాతబస్తీ పక్కన పెద్ద చెరువు కట్టించాడని ఊరు చెప్పుకుంటుంది. చందూలాల్ హయాంలో సర్కారు పామర్ కంపెనీ దగ్గర భారీ వడ్డీలకు అప్పులు తెచ్చింది, పన్నుల వసూలును గుత్తలకిచ్చి రైతుల నడ్డి విరిచింది. చెరువుకు మీర్ ఆలం పేరే ఉంది, మండీకీ ఉంది. బారాదరికి చందూలాల్ పేరు ఉంది. వాళ్ళు కట్టించిన వాటి దగ్గర నిలబడి ఇది ఏ సొమ్మని ఎవరూ అడగరు. వాళ్ళ చేతిలోంచి ఆమె చేతిలోకి వచ్చాకే ఆ సొమ్ముకు మైల అంటుకుందనడం ఏ ధర్మశాస్త్రంలో ఉందో చూపించాలి. ఆమె ఆస్తిని దిక్కులేని ఆడవాళ్ళకు రాసిపోయిందంటారు. మీర్ ఆలం సొమ్మూ చందూలాల్ సొమ్మూ అందులో కలిసే ఉంటాయి.